ఛాయాచిత్ర శిల్పి రాజా దీన్‌దయాళ్

నగరం నిత్యం మారుతూ ఉంటుంది. నిన్నటి తోట నేడు వీధిగా మారుతుంది. నిన్నటి వీధి నేడు రాజమార్గమవుతుంది. ఒక తరం వారు నడిచిన బాటలు, నీడ పొందిన చెట్లు, బేరమాడిన అంగళ్లు తరువాతి తరానికి పేర్లుగా మాత్రమే మిగులుతాయి. చరిత్ర గ్రంథాలు రాజుల పాలనాకాలాన్ని తెలుపగలవు. యుద్ధాల జయాపజయాలను వివరించగలవు. కాని ఒకానొక ఉదయాన ఒక వీధి ఎలా ఉండేదో, అందులో జనులు ఏ తలపాగాలు చుట్టుకొని, ఏ బండ్లను తోలుకొని వెళ్లేవారో చెప్పడానికి వాటిలో చోటు తక్కువ. ఆ లోటును పూరించే సాధనం ఛాయాచిత్రం. హైదరాబాదు నగరానికి అటువంటి సాక్ష్యాన్ని సమకూర్చి పెట్టినవారిలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. ఆయన దక్కనులో పుట్టినవాడు కాదు; ఉద్యోగరీత్యా ఛాయాచిత్రకారుడూ కాదు. ఉత్తర హిందూస్థానంలో జన్మించి, ఇంజనీరింగు విద్యనభ్యసించి, నడివయస్సు సమీపిస్తున్న వేళ ఒక కొత్త కళను చేపట్టి, దానికే జీవితాన్ని అంకితం చేసిన కార్యదీక్షాపరుడు.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరంలో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. ఆయనది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. రత్నాన్ని వెలుగులో తిప్పి చూసి దాని గుణదోషాలను నిర్ణయించడం ఆ వృత్తిలోని ప్రధానమైన విద్య. వెలుగునే పనిముట్టుగా చేసుకొని జీవించవలసిన వ్యక్తి అటువంటి ఇంట పుట్టడం ఒక చక్కని సంయోగం. అయితే ఆయన వంశవృత్తిని అనుసరించలేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరి 1866లో చదువు ముగించాడు. గంగా కాలువ నిర్మాణానికి అవసరమైన సాంకేతిక నిపుణులను తయారు చేయడానికి ఏర్పడిన ఆ విద్యాసంస్థే కాలక్రమంలో నేటి రూర్కీ ఐ.ఐ.టి.గా రూపొందింది. భూమిని కొలవడం, కట్టడాల నమూనాలు గీయడం, దూరాన్ని, ఎత్తును కంటితోనే అంచనా వేయడం ఆయనకు అక్కడ అలవడ్డాయి. భవిష్యత్తులో ఆయన తీసిన కట్టడాల చిత్రాలలో కనిపించే తూకానికి, క్రమశిక్షణకు ఈ చదువే పునాది.

చదువు ముగిసిన వెంటనే దీన్‌దయాళ్‌కు ఇందూరులోని ప్రజాపనుల శాఖ కార్యాలయంలో అంచనాలు తయారు చేసే ఉద్యోగం లభించింది. ప్రభుత్వోద్యోగం, నికరమైన జీతం, సంఘంలో గౌరవం ఉన్న జీవితం. దానితో తృప్తి పడి ఉంటే ఆయన పేరు కార్యాలయ దస్త్రాలను దాటి బయటికి వచ్చేది కాదు. కాని 1874 ప్రాంతంలో ఆయనకు ఛాయాగ్రహణం పట్ల ఆసక్తి కలిగింది. ఫ్రాన్సు దేశంలో 1839లో లోకానికి వెల్లడైన ఈ కళ మరుసటి సంవత్సరానికే భారతదేశానికి చేరింది. అయినా చాలాకాలం వరకు అది ప్రధానంగా ఐరోపావారి చేతులలోనే ఉండేది. పరికరాలు, రసాయనాలు ఓడలలో రావలసిందే; వాటి వెల సామాన్యులకు అందేది కాదు. ఇటువంటి పరిస్థితులలో ముప్పయ్యేళ్ల వయస్సులో, కుటుంబ భారం వహిస్తూ, తీరిక సమయాలలో ఒక భారతీయ ఉద్యోగి ఆ విద్యను సాధించడం సామాన్యమైన విషయం కాదు.

నేటి విద్యార్థికి ఛాయాచిత్రం తీయడమంటే ఒక మీట నొక్కడం మాత్రమే. ఆనాడు అది కఠిన పరిశ్రమ. గాజుపలకపై ఒక జిగురు ద్రావణాన్ని సమంగా పూసి, దానిని వెండి లవణం కలిపిన నీటిలో ముంచి, తడి ఆరక ముందే పెట్టెవంటి కెమెరాలో అమర్చి, దృశ్యాన్ని గ్రహించి, వెంటనే చీకటి గదిలోకి తీసుకొని పోయి రసాయనాలతో కడగవలసి వచ్చేది. ఊరి వెలుపల చిత్రాలు తీయాలంటే చీకటి గదికి బదులుగా నల్లని గుడారాన్ని బండిమీద వెంట తీసుకొని వెళ్లేవారు. వేసవి ఎండకు పలక త్వరగా ఆరిపోయేది. దుమ్ము పడితే చిత్రం చెడిపోయేది. ముందుగానే సిద్ధం చేసి ఉంచుకొనదగిన పొడి పలకలు 1880 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన తరువాత ఈ శ్రమ కొంత తగ్గింది. అయినప్పటికీ పెద్ద కెమెరాను, మూడుకాళ్ల పీటను, బరువైన గాజుపలకలను మోసుకొని తిరగడం తప్పలేదు. కాగితం మీద చిత్రాన్ని ముద్రించడానికి కోడిగ్రుడ్డులోని తెల్లసొనతో పూత పూసిన కాగితాన్ని వాడేవారు. గాజుపలక ఎంత పెద్దదైతే చిత్రం అంత పెద్దది. చిన్నపలక నుండి పెద్ద చిత్రాన్ని తీయడం ఆనాడు సులభసాధ్యం కాదు.

ఈ కష్టసాధ్యమైన కళలో దీన్‌దయాళ్ చూపిన నైపుణ్యం పెద్దల దృష్టిని ఆకర్షించింది. ఇందూరు పాలకుడైన రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్య భారతంలో బ్రిటిషు ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్సు యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు ఆ సందర్భాన్ని చిత్రించే అవకాశం ఆయనకు దక్కింది. తరువాత 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అనే ఉన్నతాధికారితో కలిసి ఆయన బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా సంచరించాడు. గ్వాలియరు కోట, ఖజురాహో ఆలయాలు, సాంచీ స్తూపం, ఓర్ఛా, దతియా రాజభవనాలు ఆయన కెమెరాలో చోటు చేసుకున్నాయి. మధ్య భారతంలోని సుప్రసిద్ధ కట్టడాలను గూర్చి గ్రిఫిన్ 1886లో ప్రచురించిన గ్రంథానికి ఈ చిత్రాలే ప్రాణం. సాంచీలో సర్ జాన్ మార్షల్ 1912లో పునరుద్ధరణ ప్రారంభించడానికి ముప్పయి సంవత్సరాలకు ముందే ఆ స్థలం ఏ స్థితిలో ఉండేదో తెలిపే విలువైన ఆధారాలలో దీన్‌దయాళ్ చిత్రాలు చేరాయి.

ఒకవైపు ఉద్యోగం, మరొకవైపు కళ. రెండింటికీ న్యాయం చేయడం నానాటికీ కష్టమైంది. 1880ల మధ్యకాలంలో దీన్‌దయాళ్ కార్యాలయం నుండి దీర్ఘకాలపు సెలవు తీసుకొని, ఛాయాగ్రహణం మీదనే ఆధారపడి బ్రతకడం సాధ్యమా అని పరీక్షించి చూశాడు. 1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించాడు. సెలవు ముగిసిన తరువాత ఆయన తిరిగి కార్యాలయం మెట్లెక్కలేదు. ఉద్యోగానికి స్వస్తి చెప్పి, స్టూడియోనే జీవనాధారంగా చేసుకున్నాడు. నలభై ఏళ్లు దాటిన గృహస్థుడు నికరమైన జీతాన్ని విడిచిపెట్టి, రేపేమవుతుందో తెలియని వృత్తిని వరించడం సాహసమే. ఆ సాహసమే ఆయనను దక్కనుకు నడిపించింది.

హైదరాబాదు సంస్థానాన్ని అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలిస్తున్నాడు. 1866లో జన్మించిన ఆయన పసితనంలోనే సింహాసనమెక్కి, 1884లో సంపూర్ణాధికారాలు స్వీకరించాడు. వేటలోను, గుర్రపు స్వారీలోను ఆసక్తి గల ఆ ప్రభువు పట్ల ప్రజలలో మక్కువ మెండుగా ఉండేది. ఆయన పేరు చెబితే పాము విషం దిగిపోతుందని నమ్మినవారు తెలంగాణ పల్లెలలో ఎందరో ఉండేవారు. దీన్‌దయాళ్ సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, అనతికాలంలోనే నిజాం ఆస్థానంలో స్థానం సంపాదించాడు. దర్బారులు, విందులు, సైనిక కవాతులు, వేట శిబిరాలు, అతిథుల రాకపోకలు మొదలైన ముఖ్య సందర్భాలన్నిటా ఆయన కెమెరా నిలిచేది. నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చి గౌరవించాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం. విక్టోరియా మహారాణి సైతం ఆయనకు తన ఛాయాచిత్రకారుడనే హోదాను ప్రసాదించింది. 1893లో అమెరికా దేశంలోని షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలు బహుమతిని పొందాయి.

దీన్‌దయాళ్ వ్యాపార దక్షతకు, లోకజ్ఞానానికి నిదర్శనంగా నిలిచే విషయం మరొకటి ఉంది. ఆనాటి కులీన కుటుంబాలలోని స్త్రీలు పరదా పాటించేవారు. పరపురుషుని ఎదుట నిలిచి చిత్రం తీయించుకొనడం వారికి ఊహకైనా అందని సంగతి. ఈ ఆచారాన్ని గౌరవిస్తూనే వారికి ఛాయాచిత్ర భాగ్యాన్ని కలిగించడానికి ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియోను ప్రారంభించాడు. దాని నిర్వహణ బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆచారానికి భంగం కలుగకుండా కొత్త విద్యను ఇంటి గడప దాటించిన ఈ ప్రయత్నం ఆనాటికి ఎంతో ముందుచూపు గలది.

దీన్‌దయాళ్ కీర్తిని శాశ్వతం చేసినవి నగర దృశ్యాలు. 1892 నాటికే నిజాం రాజ్యంలోని ముఖ్య ప్రదేశాల చిత్రాలను ఆయన ఒక సంపుటంగా కూర్చాడు. అప్పటి నిజాం రాజ్యం ఔరంగాబాదు వరకు వ్యాపించి ఉండేది కనుక ఎల్లోరా గుహాలయాలు, దౌలతాబాదు కోట సైతం ఆయన పరిధిలోకి వచ్చాయి. హైదరాబాదులోని మసీదులు, సమాధులు, దేవిడీలు, బజారులు, చెరువులు ఆయన గాజుపలకలపై రూపుదాల్చాయి. ఈ చిత్రాలను నేడు వరుసగా పరిశీలిస్తే ఒక వింత అనుభవం కలుగుతుంది. ఎరిగిన స్థలమే; అయినా ఎరుగని నగరం.

ఆ కాలపు చార్మినార్ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. 1591లో నిర్మితమైన ఆ కట్టడం నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉంది. చుట్టూ ఉన్న లోకం మాత్రం మారిపోయింది. విద్యుత్తు తీగలు లేవు. పేర్ల పలకలు లేవు. మోటారు వాహనాల పొగ లేదు. విశాలమైన మట్టి వీధి, ఇరువైపులా తగ్గు కప్పుల అంగళ్లు, ఎద్దుబండ్లు, గుర్రపు బండ్లు, అప్పుడప్పుడు అంబారీ కట్టిన ఏనుగు కనిపిస్తాయి. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలను అమర్చినది 1889లో. కనుక ఒక పాత చిత్రంలో గడియారం కనిపిస్తే అది ఆ సంవత్సరానికి తరువాత తీసినదని, కనిపించకపోతే అంతకు ముందరిదని నిర్ణయించవచ్చును. ఛాయాచిత్రం చరిత్రకు ఆధారమయ్యే తీరు ఇదే. ఒక చిన్న గుర్తు ఒక కాలాన్నే తెలియజేస్తుంది.

ఆనాటి వీధి చిత్రాలలో మరొక విశేషం కనిపిస్తుంది. కట్టడాలు స్ఫుటంగా ఉంటాయి. నడిచే మనుషులు పొగమంచులో కదిలినట్లు మసకగా ఉంటారు. గాజుపలక దృశ్యాన్ని గ్రహించడానికి కొంత వ్యవధి పట్టేది. ఆ వ్యవధిలో కదలనిది నిలిచింది, కదిలినది చెదిరింది. బరువు తలకెత్తుకొని నడిచిన కూలీ, బండి వెంట పరుగెత్తిన బాలుడు ఆ విధంగా నీడలై మిగిలారు. నిజానికి వారే ఆ నగరానికి జీవం. కాలప్రవాహంలో రాతికట్టడం నిలిచి, మనిషి జాడ చెరిగిపోవడమనే సత్యాన్ని ఆ చిత్రాలు అప్రయత్నంగా వ్యక్తం చేస్తున్నాయి.

కాలానికి లొంగనిదిగా కనిపించే రాయి కూడా శాశ్వతం కాదని నిరూపించే దృశ్యాలున్నాయి. పైగా వర్గానికి చెందిన సర్ ఆస్మాన్ జా నిర్మించిన బషీర్‌బాగ్ రాజభవనాన్ని దీన్‌దయాళ్ చిత్రించాడు. దీపాల గుత్తులు వేలాడే భోజనశాల, విదేశాల నుండి తెప్పించిన సామగ్రి ఆ చిత్రాలలో నేటికీ మెరుస్తున్నాయి. ఆ భవనం మాత్రం లేదు. బషీర్‌బాగ్ అనే పేరు నగరంలో ఒక పేటకు మిగిలింది. ప్రతిదినం ఆ పేరును ఉచ్చరించే వేలాది ప్రయాణికులలో అక్కడొక రాజభవనం ఉండేదని తెలిసినవారు కొందరే. సర్ వికారుల్ ఉమ్రా నిర్మించిన ఫలక్‌నుమా భవనానికి పట్టిన అదృష్టం వేరు. 1884లో నిర్మాణం మొదలైన ఆ సౌధం 1897 ప్రాంతంలో నిజాం వశమైంది. చాలాకాలం మూతపడి ఉండి, బాగుచేయించిన పిమ్మట 2010లో అతిథిగృహంగా తిరిగి తెరుచుకుంది. ఒకే కాలపు వైభవానికి ప్రతీకలైన రెండు భవనాలలో ఒకటి చిత్రంలో మాత్రమే జీవిస్తున్నది. మరొకటి నేలపై నిలిచి ఉన్నది.

పాత నగరాన్ని చుట్టి ఒక రాతి ప్రాకారం ఉండేది. దానికి పన్నెండుకు పైగా దర్వాజాలుండేవి. రాత్రివేళ వాటిని మూసి, ఉదయాన తెరిచేవారు. నగరం పెరిగిన కొద్దీ ఆ గోడ అడ్డమైంది, క్రమంగా కూలిపోయింది. నేడు పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆలియాబాదు, యాకుత్‌పురా, లాల్‌దర్వాజా వంటి పేర్లలో వెనుకటి ద్వారాల జ్ఞాపకం దాగి ఉంది. హుస్సేన్‌సాగర్ పాత చిత్రాలలో చెరువు మధ్య బుద్ధ విగ్రహం లేదు. అది ప్రతిష్ఠితమైనది 1992లో. కట్టమీద ఒకటి రెండు బండ్లు, ఆవల ఆకాశాన్ని తాకే నీటి విస్తీర్ణం, అక్కడక్కడ తాటిచెట్లు, అంతే. సికిందరాబాదు చిత్రాలలో దండు మైదానం, సైనిక కవాతులు ప్రధానమైన దృశ్యాలు.

ఈ చిత్రాలు గొప్పవే. అయినా సంపూర్ణమైనవి కావు. దీన్‌దయాళ్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయనకు వేతనం ఇచ్చినది ప్రభువు. చిత్రాలు కొన్నది ధనికులు, అధికారులు. కనుక ఆయన కెమెరా ఎక్కువగా వారు చూపదలచిన దానినే చూసింది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ సమీపాన వేటాడిన పులితో నిలిచి ఉన్న చిత్రం ప్రపంచ ప్రసిద్ధమైనది. ఆ చిత్రంలో ప్రభువుల పేర్లు అందరికీ తెలుసు. అడవిలో పులిని తోలి తెచ్చిన పల్లెవాసుల పేర్లు ఎవరికీ తెలియవు. మగ్గం ముందు కూర్చున్న నేతపనివాడు, మూసీ ఒడ్డున బట్టలుతికిన చాకలి, సంతకు కూరగాయలు తెచ్చిన రైతు ఆ సంపుటాలలో అరుదుగా, తరచు అంచులలో మాత్రమే కనిపిస్తారు. పందొమ్మిదవ శతాబ్దం చివర దక్కనును పీడించిన మహాక్షామ కాలంలో ఔరంగాబాదు ప్రాంతపు సహాయ కార్యక్రమాలను ఆయన చిత్రించాడు. అవికూడ ప్రభుత్వం చేసిన మేలును చూపడానికి ఉద్దేశించినవే. అయినా ఉద్దేశాన్ని మించి సత్యం వెల్లడి కావడం ఛాయాచిత్ర స్వభావం. పనికోసం బారులు తీరిన బక్కచిక్కిన దేహాలను చూసినవారికి సహాయం కంటె ముందు ఆకలి కనిపిస్తుంది. చిత్రకారుడు దేనిని చూపదలచుకున్నా గాజుపలక తన ఎదుట ఉన్నదంతా గ్రహిస్తుంది.

దీన్‌దయాళ్ 1896లో బొంబాయిలో మరొక స్టూడియోను ప్రారంభించాడు. అది ఆనాటి భారతదేశంలోని గొప్ప స్టూడియోలలో ఒకటిగా పేరు పొందింది. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రికి కుడిఎడమ భుజాలుగా నిలిచారు. 1903లో ఢిల్లీలో జరిగిన మహా దర్బారును ఆయన సంస్థ చిత్రించింది. ఒక విధంగా ఆ చిత్రాలే ఆయన జీవిత సౌధానికి శిఖరం. కాని ఆ వైభవం ఎక్కువకాలం నిలువలేదు. 1904లో కుమారుడు ధరమ్‌చంద్ అకాల మరణం చెందాడు. తన విద్యను అందుకొని ముందుకు సాగవలసిన బిడ్డ కన్నుమూయడం వృద్ధుడైన తండ్రికి తీరని వేదనను కలిగించింది. మరుసటి సంవత్సరమే, 1905 జూలై 5వ తేదీన, రాజా దీన్‌దయాళ్ పరమపదించాడు. వేలాది ముఖాలను కాలం కబళించకుండా కాపాడిన ఆ చేయి విశ్రమించింది.

ఆయన మరణించిన మూడు సంవత్సరాలకు హైదరాబాదు నగరానికి కనీవినీ ఎరుగని విపత్తు సంభవించింది. 1908 సెప్టెంబరు 28వ తేదీన కుంభవృష్టికి మూసీనది ఉప్పొంగి నగరం మీద విరుచుకుపడింది. ఒడ్డున ఉన్న పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. మృతుల సంఖ్య సుమారు 15,000 అని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 1578లో కట్టిన పురానాపూల్ దెబ్బతిని కూడా నిలువగా, ఆ తరువాత కట్టిన వంతెనలు వరద ధాటికి ఆగలేకపోయాయి. ఒక్క రోజులో ఒక నగరం రూపు మారిపోయింది. దీన్‌దయాళ్ కాలంలో తీసిన నదీతీరపు దృశ్యాలు అంతవరకు అందమైన చిత్రాలు మాత్రమే. ఆ రోజు నుండి అవి మరలి రాని లోకానికి సాక్ష్యాలయ్యాయి.

వరద అనంతరం నగరాన్ని పునర్నిర్మించడానికి ప్రయత్నాలు జరిగాయి. సుప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీనదిపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920లలో సిద్ధమయ్యాయి. 1912లో నగరాభివృద్ధి సంఘం ఏర్పడింది. ఇరుకు సందులు పోయి, వెడల్పయిన వీధులు వచ్చాయి. పత్తర్‌గట్టీలో రాతి కమానుల అంగళ్ల వరుస వెలసింది. నదికి ఇరువైపుల హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి మహాసౌధాలు లేచాయి. ప్రజల ఆరోగ్యానికి, భద్రతకు ఈ మార్పులు అవసరమైనవే. పాతదంతా మంచిదని, పోయినదంతా పోరానిదని భావించడం పొరపాటు. ఇరుకు సందులలో తెగుళ్లు ప్రబలిన మాట, వరదకు అడ్డులేక వేలమంది బలి అయిన మాట విస్మరింపరానివి. అయితే మార్పు ఎంత అవసరమైనదైనా, మారిపోయిన దానిని గుర్తుంచుకొనే బాధ్యత కూడా అంతే అవసరమైనది. నగరాన్ని బాగుచేసేవారికి వెనుక అది ఎలా ఉండేదో తెలిస్తేనే ఏది తొలగించాలో, ఏది కాపాడాలో బోధపడుతుంది.

దీన్‌దయాళ్ గాజుపలకల కథ కూడా ఆయన జీవితం వలెనే ఆసక్తికరమైనది. గాజు నిప్పుకు, తేమకు, చిన్న పొరపాటుకు లొంగిపోయే పదార్థం. చేయి జారితే ఒక రాజదర్బారు, ఒక వీధి, ఒక కుటుంబం ముక్కలైపోతాయి. ఆయన అనంతరం ఆ పలకలను వంశీయులు దశాబ్దాలపాటు భద్రపరిచారు. ప్రతి పలకపై వేసిన సంఖ్య చిత్రాల వరుసను గుర్తించడానికి ఎంతగానో తోడ్పడింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజుపలకలను సేకరించి జాతి సంపదగా చేసింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్లను వెలువరించింది. స్వదేశంలోను, విదేశాలలోను గల మ్యూజియములు, గ్రంథాలయాలు ఆయన చిత్ర సంపుటాలను భద్రపరుస్తున్నాయి. ఒకనాడు ప్రభువుల సొరుగులలో దాగిన దృశ్యాలు నేడు సామాన్య విద్యార్థికి సైతం అందుబాటులోకి వచ్చాయి.

పాత చిత్రాన్ని చూడడం ఒక కళ. మొదటి చూపులో మధ్యన ఉన్న ప్రభువు, భవనం, ఏనుగు కనిపిస్తాయి. రెండవ చూపులో అంచులు కనిపిస్తాయి. అరుగు మీద కూర్చున్న ముసలివాడు, కిటికీ చాటున నిలిచిన నీడ, గోడమీద పడిన చెట్టుకొమ్మ ఛాయ అప్పుడు పలుకుతాయి. మూడవ చూపులో చిత్రంలో లేనిది స్ఫురిస్తుంది. ఎవరిని చిత్రించలేదు, ఎందుకు చిత్రించలేదు అనే ప్రశ్న ఉదయిస్తుంది. ఆ ప్రశ్న ఉదయించిన నాడే చిత్రం చరిత్ర అవుతుంది. దీన్‌దయాళ్ చిత్రాలు ఈ మూడు చూపులకూ నిలువగలిగినవి కనుకనే నూరేళ్లు గడిచినా వాటి విలువ తరగలేదు.

అంచనాలు వ్రాసే ఉద్యోగిగా జీవితాన్ని ప్రారంభించిన దీన్‌దయాళ్ ఒక మహానగరపు జ్ఞాపకశక్తిగా నిలిచాడు. స్వయంకృషి, నిరంతర సాధన, కొత్త విద్యను ఏ వయస్సులోనైనా నేర్వగల ఉత్సాహం ఆయన జీవితం అందించే సందేశం. ప్రతి ఊరిలోను కూలిపోతున్న ఒక పాత మండపమో, పూడిపోతున్న ఒక దిగుడుబావియో, రేపటికి ఉండని ఒక అంగడివీధియో ఉంటుంది. ప్రతి ఇంటిలోను పేరు వ్రాయని ఒక పాత ఛాయాచిత్రం ఉంటుంది. అందులోని వారిని గుర్తించగల పెద్దలు ఇంకా ఉండగానే వారి పేర్లను అడిగి, చిత్రం వెనుక వ్రాసి ఉంచడం చిన్న పనిగా తోచవచ్చును. ఆ చిన్న పని చేయకపోతే ముఖం మిగిలి, మనిషి పోతాడు. దీన్‌దయాళ్ వెలుగుతో ముఖాలను కాపాడాడు. పేర్లను కాపాడే కర్తవ్యం నేటి తరానిది.